ఫ్లషింగ్ బేరిపళ్ళు, ఫ్లాట్‌బుష్ మేకకూర

మా క్యారీ స్టేషన్‌లో న్యూయార్క్ రైలు ఉదయం పదిన్నర ప్రాంతంలో ఆగుతుంది. ఆగుతుంది అనడం కంటే ఆగినట్టు నటిస్తుంది అనాలి. సూట్‌కేసు ఎక్కించి, వెనక్కి తిరిగి మా ఆయనకి చెయ్యి ఊపేలోపే కదిలింది. విమానంలో గంటన్నర ప్రయాణానికి పగలంతా రైలెందుకని ఆయన వారం నుంచి గొణుగుతూనే ఉన్నారు.

"ఫ్లైట్ బుక్ చేస్తానంటే వద్దంటావు. ఆ ట్రైన్‌లో కూర్చుని ఏం చూస్తావు వసూ, చెట్లేగా!"

చెట్లే చూస్తాను. ఏళ్ళ తరబడి ఆఫీసులో స్క్రీను చూసిన కళ్ళు నావి, నాలుగు చెట్లు చూస్తే తప్పేముంది? పైగా టికెట్ ముందుగా తీసుకుంటే విమానం కంటే చౌక, సామాను తూచేవాడు ఉండడు, కాళ్ళు చాపుకోవచ్చు.

నిజానికి ఈసారి చెట్లు ఒక సాకు. అసలు పని మార్షాది. మార్షా మా టీమ్‌లో నా పక్క సీటు. జమైకా నుంచి వచ్చిన తల్లిదండ్రులకి బ్రూక్లిన్‌లో పుట్టింది. కొరియా నుంచి వచ్చిన కుటుంబంలోని డేనియల్‌ని ప్రేమించింది. అతను పెరిగింది క్వీన్స్‌లో. ఇద్దరి అమ్మల ఇళ్ళూ ఒకే న్యూయార్క్ నగరంలో ఉన్నాయి, మధ్యలో గంటన్నర ప్రయాణం. నిశ్చితార్థమై ఎనిమిది నెలలవుతున్నా ఇద్దరి తల్లులూ ఒకరి మొహం ఒకరు చూడలేదు.

ఒకరోజు లంచ్ దగ్గర మార్షా ఫోర్కు పక్కన పెట్టేసింది. "మా అమ్మ డేనియల్ వాళ్ళమ్మకి ఫోన్ చేసి భోజనానికి పిలిచింది. ఆవిడ రానంది. ఎందుకు రాదో నాకు తెలియదా? నల్లపిల్ల కోడలిగా రావడం ఇష్టం లేదు. డేనియల్ అడిగితే, 'వాళ్ళకి మనం అక్కర్లేదులే' అని మాట తప్పించిందట. అక్టోబరులో పెళ్ళికి హాలు వెతకడం మానేశాను వసూ. వాళ్ళిద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చోకపోతే కోర్టుకి వెళ్ళి సంతకాలు పెట్టి వచ్చేస్తాం. రెండు కుటుంబాలూ చెరో గోడ పట్టుకుని నిలబడితే మధ్యలో నేను డాన్స్ చేయలేను."

నవ్వితే మా ఫ్లోరంతా వినిపించే పిల్ల కళ్ళు తుడుచుకుంటుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను. ఎలాగూ నా స్నేహితురాలు లక్ష్మి ఇంటికి, న్యూయార్క్ పక్కనే ఉన్న ఐసెలిన్ వెళ్ళాలనుకుంటున్నాను. "అటు వెళ్తున్నావుగా, ఇద్దరినీ చూసిరా. నువ్వు బయటిదానివి, నీతో మనసు విప్పుతారు," అంది మార్షా. అలా ఈ యాత్ర మొదలైంది.

రాలీలో ఒక తెలుగు పిల్ల ఎక్కి నా పక్క సీటు దగ్గర ఆగింది. "ఆంటీ, ఈ సీట్ల ఎవరన్న ఉన్నరా?" పేరు హర్షిత, ఊరు వరంగల్, మాస్టర్స్ చివరి సెమిస్టరు. జాబ్ మార్కెట్ మస్తు డల్‌గా ఉందని, చదువయ్యాక పని చేసుకోనిచ్చే ఓపీటీ పర్మిట్ టెన్షన్ అని వర్జీనియా దాకా చెప్పి, సంచిలోంచి సకినాల పొట్లం తీసింది. నేను వద్దన్నాను. "అట్లనకుండ్రి ఆంటీ, మా అమ్మ చేసినయి, ఒక్కటి తీస్కోండ్రి," అంది. ఇప్పుడే తిన్నానన్నాను. పొట్లం నా ఒళ్ళోనే పెట్టేసింది. వాషింగ్టన్‌లో ఇంజన్ మార్చడానికి రైలు చాలాసేపు ఆగి, దీపాలూ ఏసీ ఆగిపోయేసరికి పొట్లంలో సగం నేనే ఖాళీ చేశాను.

రాత్రి ఎనిమిదింటికి న్యూయార్క్‌కి ముందు స్టేషను న్యూఆర్క్‌లో దిగి లోకల్ రైల్లో మెట్రోపార్క్ చేరాను. లక్ష్మి కారులో తయారుగా ఉంది. తిన్నగా మనవాళ్ళ దుకాణాలతో నిండిన ఓక్ ట్రీ రోడ్డుకి తీసుకెళ్ళి నెయ్యి కారుతున్న దోసె తినిపించింది. నా పని విని పగలబడి నవ్వింది.

"వెకేషన్ అని చెప్పి పెళ్ళిళ్ళ పేరయ్య డ్యూటీ ఎక్కావా? ఇంగ్లీషు మూవీలా ఉందే నీ స్టోరీ! సర్లే, వట్టి చేతులతో వెళ్ళకు." పక్క షాపులో సున్నుండలు రెండు పెట్టెలు కొని నా చేతిలో పెట్టింది.

మర్నాడు శుక్రవారం. తొమ్మిది దాటాక మెట్రోపార్క్‌లో రైలెక్కి పెన్ స్టేషన్, అక్కడి నుంచి టైమ్స్ స్క్వేర్ వచ్చి ఏడో నంబరు సబ్‌వే పట్టుకున్నాను. వెళ్ళదలచినవారికి ఒక మాట: సబ్‌వేకి టికెట్ కొననక్కర్లేదు, బ్యాంకు కార్డు గేటుకి తాకిస్తే చాలు, ఎంత దూరమైనా ఒకటే చార్జీ. క్వీన్స్‌లోకి రాగానే రైలు నేల లోంచి లేచి మేడల ఎత్తున పోతుంది. అన్ని దేశాల వాళ్ళ బట్టలూ పెరటి తాళ్ళ మీద ఒకే గాలికి ఊగుతుంటే చూడటానికి భలే ఉంటుంది.

ఫ్లషింగ్ ఆఖరి స్టేషను. బయటికొస్తే బోర్డులన్నీ చైనా అక్షరాలే. తప్పు ఊళ్ళో దిగానేమోనని కూరగాయల బండి దగ్గరున్న పెద్దావిడని అడిగాను. "కొరియా వాళ్ళా? అటు, నార్తర్న్ బులవార్డ్. ఇదివరకు ఇక్కడే ఉండేవాళ్ళు, అద్దెలు పెరిగి జరిగిపోయారు," అంది. పదిహేను నిమిషాలు నడిచాక అక్షరాలు మారాయి. కొరియన్ బ్యాంకు, పళ్ళ డాక్టరు, చర్చి, ట్యూషన్ సెంటరు, చివరికి అంత్యక్రియలు జరిపించే కంపెనీ కూడా ఒకే వీధిలో ఉన్నాయి. ఒక్క ఇంగ్లీషు ముక్క రాకుండా ఇక్కడ నిండు జీవితం గడిపేయవచ్చు.

డేనియల్ వాళ్ళమ్మ, హాన్ ఆంటీ, మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటుంది. సన్నగా, ఇస్త్రీ చేసిన చొక్కాలా నిటారుగా ఉంది. గుమ్మంలోనే చెప్పులు విప్పించి మెత్తటి చెప్పులిచ్చింది. సున్నుండలు చేతికివ్వబోతే రెండు చేతులూ అడ్డం ఊపింది. "నో, నో. ఎందుకు ఇంత శ్రమ." మళ్ళీ ఇచ్చాను. "నో, నో. మీ పిల్లలకి ఉంచండి." మూడోసారి తలవంచి రెండు చేతులతో అందుకుంది. తర్వాత నన్ను భోజనం చేయమంది. అబ్బే, తినే వచ్చానన్నాను. కొంచెం అంది. ఆకలి లేదన్నాను. అప్పటికే చెయ్యి పట్టుకుని బల్ల దగ్గర కూర్చోబెట్టేసింది. సముద్రపు నాచులో చుట్టిన అన్నం, సోయా చారు, ఘాటు క్యాబేజీ పచ్చడి. మా పిన్ని ఇంట్లో కూర్చున్నంత హాయిగా తిన్నాను.

ఆవిడ ఇంగ్లీషు పొట్టి పొట్టి మాటలు. అయినా కథంతా చెప్పింది. భర్త కొరియాలో ఇంజనీరు, ఈవిడ కాలేజీలో చదివింది. ఇక్కడికి వచ్చాక భాష లేక ఆ డిగ్రీలు పెట్టెలోనే ఉండిపోయాయి. ఊరికి తిరిగి వెళ్ళిపోతున్న ఒక కొరియన్ దగ్గర డ్రై క్లీనింగ్ షాపు కొన్నారు. మెషీన్లు తెచ్చిందీ కొరియన్లే, బాగు చేసిందీ వాళ్ళే. పొద్దున్న ఆరింటికి తలుపు తీస్తే రాత్రి దాకా ఆవిరిలోనే ఉండేవారు. చాలా ఏళ్ళు హెల్త్ ఇన్సూరెన్స్ లేదు, జ్వరమొస్తే పడుకునే వీలూ లేదు. పిల్లల్ని మాత్రం ఇస్త్రీపెట్టె ముట్టుకోనివ్వలేదు. భర్త పోయాక షాపు మరో కొరియన్‌కే అమ్మేసింది.

"మాకు నోరు లేదు," అని పెదాలు చూపించి, "చేతులున్నాయి," అని రెండు అరచేతులూ బల్ల మీద పరిచింది. వేళ్ళ మీద పాత కాలిన మచ్చలు చాలా ఉన్నాయి.

నేను మెల్లిగా మార్షా పేరెత్తాను. ఆవిడ మొహం విప్పారింది. "మంచి పిల్ల. బాగా నవ్వుతుంది. మా ఇల్లు నిశ్శబ్దం. నవ్వు కావాలి." మరి వాళ్ళమ్మ పిలిస్తే ఎందుకు వెళ్ళలేదని అడిగేశాను. ఆవిడ లేచి ఫ్రిజ్ తెరిచింది. కింది అరలో బంగారు రంగు బేరిపళ్ళ పెట్టె, ఒక్కొక్క పండుకీ తెల్లటి నురగ తొడుగు.

"వాళ్ళింటికి తీసుకెళ్ళాలని కొన్నాను. ఇది మూడో పెట్టె. రెండు పెట్టెలు మెత్తబడ్డాయి, చర్చిలో పంచాను. ఆమె ఫోన్ చేసింది, రమ్మంది. నేను, 'మీరు బిజీ, శ్రమ వద్దు' అన్నాను. 'సరే' అంది. పెట్టేసింది. మళ్ళీ పిలవలేదు." ఒక పండు బయటికి తీసింది. "నేను ఇంగ్లీషు సరిగా రాని బట్టల మనిషిని. ఆమె పెద్ద నర్సు. నేను అక్కర్లేదు."

నాకు మార్షా వాళ్ళమ్మ మీద ఒళ్ళు మండింది. వియ్యపురాలిని ఒక్కసారి పిలిచి ఊరుకుంటారా ఎవరైనా? ఆవిడ ఆ పండు చెక్కుతీసి ముక్కలు నా ముందు పెట్టింది. రసం కారుతూ తియ్యగా ఉన్నాయి. తిరుగు రైల్లో మార్షా వాళ్ళమ్మని కడిగేద్దామనుకున్న మాటలన్నీ వరసగా పేర్చుకున్నాను.

శనివారం పెన్ స్టేషన్‌లో రెండో నంబరు రైలెక్కి బ్రూక్లిన్‌లో చిట్టచివరి స్టేషను, ఫ్లాట్‌బుష్ అవెన్యూలో దిగాను. మాంసం కూరిన పసుప్పచ్చ పాటీలు అమ్మే షాపు ముందు క్యూ మలుపు తిరిగి ఉంది. ఎలాగూ మార్షా వాళ్ళింట్లో పెడతారులే అని ఆగలేదు. మన షేర్ ఆటోలా తిరిగే డాలర్ వ్యానెక్కాను. పేరుకే డాలరు, రెండు దాటే తీసుకున్నారు. స్టాపులుండవు, ఎక్కడ దిగాలో అక్కడ కేకేయాలి. పాట ఎంత గట్టిగా పెట్టారంటే నా కేక నాకే వినపడలేదు. అరటిగెల ఒళ్ళో పెట్టుకున్న ఒకావిడ నా చేతిలో అడ్రసు చూసి, "మిస్ ప్యాట్సీ ఇల్లా? ఏయ్ డ్రైవర్, ఈ అమ్మాయిని మిస్ ప్యాట్సీ గుమ్మంలో దించు!" అంది. వ్యానంతా నా వైపు తిరిగి చెయ్యి ఊపింది.

ఎర్ర ఇటుకల రెండంతస్తుల ఇల్లు. ముందు గదిలో నా భుజం దాకా ఎత్తున్న నీలం పీపా. మార్షా వాళ్ళమ్మ మిస్ ప్యాట్సీ భారీ మనిషి, భారీ గొంతు. అక్కడ అందరూ ఆమెని అలాగే పిలుస్తారు. సున్నుండలు ఇవ్వగానే "నాకా? థాంక్యూ!" అని పెట్టె విప్పి, ఒకటి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, "నెయ్యి!" అంది. నేను ఇంకా రెండోసారి ఇవ్వడానికి సిద్ధపడుతున్నాను.

వంటింట్లోంచి మేకమాంసం కూర వాసన. మసాలాలో మనదే అనిపించే పసుపు, జీలకర్ర. "తింటావా?" అంది.

"అబ్బే, వద్దండీ. తినే వచ్చాను."

"సరే," అని మూత పెట్టేసి, తను మాత్రం నిండుగా వడ్డించుకుని నా ఎదురుగా కూర్చుంది.

తను తింటూ చెప్పింది, నేను వాసన పీలుస్తూ విన్నాను. పందొమ్మిదేళ్ళకి ముసలివాళ్ళకి స్నానాలు చేయించే పనిలో చేరింది. రాత్రిళ్ళు చదివి నర్సయింది. హాస్పిటల్ ఉద్యోగం, యూనియన్, పెన్షన్. భర్త సిటీ బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు, ఆ పూట చర్చిలో కుర్చీలు వేయడానికి వెళ్ళాడు. ఈ ఇల్లు కొనడానికి బ్యాంకుల చుట్టూ తిరిగి తిరిగి అప్పు తెచ్చి, కింది గదులు అద్దెకిచ్చి తీర్చారు. "ఇంగ్లీషు మాతోపాటే వచ్చింది, ఉద్యోగం దొరికింది. ఒంటి రంగూ మాతోనే వచ్చింది. ఒక బ్యాంకు మేనేజరు నా జీతం చీటీ చూడకుండా మొహం చూసి పంపేశాడు," అని బొమిక చప్పరించింది. ఇప్పుడు వీధిలో ఇళ్ళకి రేట్లు పెరిగి చాలామంది అమ్ముకుని ఫ్లోరిడా, జార్జియా పోతున్నారట. తను మాత్రం కదలదట. పీపాలో బియ్యం, సబ్బులు, బడి బూట్లు. నెలనెలా కొంచెం కొంచెం నింపి ఓడలో జమైకాలోని చెల్లెలి పిల్లలకి పంపుతుంది.

నా కడుపులో ఎలుకలు పరుగెత్తడం ఎప్పుడో మొదలైంది. డేనియల్ తల్లి సంగతి ఎత్తి, పేర్చుకున్న మాటల్లో మొదటిది అనబోయేసరికి నా కడుపు ఎంత గట్టిగా అరిచిందంటే మిస్ ప్యాట్సీ ఫోర్కు ఆగిపోయింది.

"నీకు ఆకలేస్తోంది!"

"అవునండీ."

"మరి వద్దన్నావేం?"

సిగ్గుతో చచ్చిపోయాను. "మా వైపు మొదటిసారి అడగ్గానే ఒప్పుకోరండీ. మొహమాటం. రెండుసార్లు వద్దంటాం, వాళ్ళు మళ్ళీ మళ్ళీ అడుగుతారు, అప్పుడు తింటాం."

ఆవిడ నన్ను వింత జబ్బు మనిషిని చూసినట్టు చూసింది. "నేను నర్సుని. పేషెంటు వద్దంటే వద్దనే. బలవంతం చేయకూడదని మొదటి రోజే నేర్పుతారు. మా ఇంట్లో వండేది అందరికీ, అడిగేది ఒక్కసారి..." అంటూనే ఆగిపోయింది. నాకూ అప్పుడే వెలిగింది. నిన్నటి సున్నుండలు, నిన్నటి భోజనం, ఫ్రిజ్‌లో మూడో పెట్టె, అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఎవరిని కడిగేద్దామని వచ్చానో ఆవిడ తప్పు అసలు లేనే లేదు.

"ఆగు," అంది ఆవిడ మెల్లిగా. "డేనియల్ వాళ్ళమ్మ కూడా అంతేనా?"

బేరిపళ్ళ సంగతి చెప్పాను. మిస్ ప్యాట్సీ ప్లేటు పక్కకి జరిపి రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. "నా పిల్లని రంగు చూసి కాదందనుకున్నాను. ఎనిమిది నెలలు మనసులో తిట్టుకున్నాను. ఆవిడ నాకోసం పళ్ళు కొంటోందా!" ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. నాకూ కళ్ళు చెమర్చాయి. తర్వాత లేచి, ఏమీ అడగకుండా నా ముందు పెద్ద పళ్ళెం నిండా అన్నం, మేకకూర పెట్టింది. అంత రుచి ఈ మధ్య ఎరగను.

నేను తింటుండగానే ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది. రేపు ఆదివారం చర్చి అయ్యాక భోజనానికి రావాలంది. "ఓ, నో, నో. మీకు శ్రమ," అంది హాన్ ఆంటీ. మిస్ ప్యాట్సీ నా వైపు చూస్తే ఒక వేలు చూపించాను. శ్రమేం లేదు, రావాలంది. "మీరు బిజీ మనిషి." రెండో వేలు. మిస్ ప్యాట్సీ ఊపిరి పీల్చుకుంది. "మీరు రాకపోతే నేను ముద్ద ముట్టను." నా చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది.

"ఎన్నింటికి?" అంది హాన్ ఆంటీ.

నన్నూ రమ్మన్నారు. ఈసారి మొదటి మాటకే ఒప్పుకున్నాను. ఆదివారం రెండింటికి హాన్ ఆంటీ గులాబీ రంగు కొరియన్ పట్టు దుస్తుల్లో, నాలుగో పెట్టెతో దిగింది. మూడో పెట్టె మెత్తబడకపోయినా కొత్తది కొందట. "ఇంత ఎందుకు..." అనబోయి మిస్ ప్యాట్సీ నోరు నొక్కుకుని రెండు చేతులతో అందుకుంది. ఆ రెండు చేతుల మర్యాద నేనే నేర్పాను.

తమాషా భోజనాల దగ్గర. నేను మిస్ ప్యాట్సీకి మూడుసార్లు అడగడం నేర్పితే, అక్కడ సంగతంతా విన్న డేనియల్ ఫోన్లో వాళ్ళమ్మకి, "అమ్మా, వాళ్ళింట్లో మొదటిసారే ఎస్ చెప్పు," అని నేర్పాడట. మిస్ ప్యాట్సీ కూర వేయనా అంటే ఎస్ అంది. వేసింది. మళ్ళీ అడిగింది. ఎస్ అంది. మళ్ళీ వేసింది. మూడోసారికి పళ్ళెంలో అన్నం కనపడలేదు. ఇద్దరూ నా వైపు బెదురుగా చూశారు. విషయం చెప్పేసరికి హాన్ ఆంటీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒళ్ళంతా ఊగేలా నవ్వింది. మిస్ ప్యాట్సీ బల్ల మీద కొట్టి కొట్టి నవ్వింది. ఆ నవ్వులోనే హాన్ ఆంటీ కాలిన వేళ్ళు ఆవిడ కంటపడ్డాయి. పట్టుకుని నర్సు చూపు చూసి, "ఆవిరా?" అంది. "ఆవిరి," అంది హాన్ ఆంటీ. ఆ తర్వాత వాళ్ళకి నాతో పనిలేకపోయింది. సాయంత్రం వెళ్ళేముందు హాన్ ఆంటీ నీలం పీపాలోకి తొంగి చూసి, బడిపిల్లల చొక్కాలు నలిగాయని ఇస్త్రీపెట్టె అడిగింది.

సోమవారం పొద్దున్న ఏడున్నర ప్రాంతంలో న్యూఆర్క్‌లో తిరుగు రైలెక్కాను. లక్ష్మి పులిహోర కట్టిచ్చింది. ఇద్దరు ఆడవాళ్ళని చూసి రెండు జాతుల మీద తీర్పు చెప్పేంత దాన్ని కాను. చూసింది చెబుతాను. భాష లేనివాళ్ళు తమవాళ్ళ మధ్యే దుకాణాలు పెట్టుకుని చేతుల మీద పైకొచ్చారు. భాష ఉన్నవాళ్ళు హాస్పిటళ్ళలో, బస్సుల్లో ఉద్యోగాలు పట్టి ఇల్లు కొనుక్కున్నారు, అయినా ప్రతి గుమ్మంలో రంగుకి జవాబు చెప్పుకున్నారు. మేమేమో ఒక డిగ్రీ, ఒక లాప్‌టాప్, ఒక వీసా స్టాంపుతో దిగి, కష్టపడ్డది మేమొక్కళ్ళమేనన్నట్టు మాట్లాడుకుంటాం. వీలైతే ఒక శనివారం ఓక్ ట్రీ రోడ్డు దాటి వెళ్ళి చూడండి. పాటీల క్యూలో మాత్రం ఆగండి.

రిచ్‌మండ్ దాటాక మార్షా ఫోన్. హలో కంటే ముందు ఆ నవ్వు వినిపించి బోగీలో నలుగురు తిరిగి చూశారు. "హాలు బుక్ చేశాను వసూ! ఇద్దరమ్మలూ పొద్దున్నే ఫోన్ చేసి కేకు గురించి పోట్లాడుకుంటున్నారు. మా అమ్మ అడుగుతోంది, కొరియా చుట్టాలకి కార్డులు మూడేసిసార్లు పంపాలా అని!"

సాయంత్రం ఐదింటికి క్యారీలో దిగాను. మా ఆయన సూట్‌కేసు డిక్కీలో పెట్టి కారు స్టార్ట్ చేశారు. "ఆకలేస్తోందా? దారిలో ఏమైనా తింటావా?" పెళ్ళైనప్పటి నుంచీ ఈ ప్రశ్నకి నేను "అబ్బే, వద్దులెండి," అంటాను, ఆయన "సరే," అని తిన్నగా ఇంటికి డ్రైవ్ చేస్తారు, నేను మూతి ముడుచుకుని కూర్చుంటాను.

"తింటాను," అన్నాను.

ఆయన కారు ఆపి నా వైపు తిరిగారు. "ఏంటి, ఒంట్లో బాగానే ఉందా?"